నువ్వుల కారం మనమే చేసుకుందాం!

తమ్ముళ్ళూ! హాస్టల్లో ఉన్నవాళ్ళకు ట్రంకు పెట్టెలోని పుస్తకాల విలువ ఎంతో, ఒక మూల దాచుకున్న కారప్పొడి డబ్బా విలువ కూడా అంతే. సెలవుల నుంచి వచ్చిన రోజు ఎవరి పెట్టెలో ఏ పొడి ఉందో వాసనతోనే కనిపెట్టేవాళ్ళం. ఒక్క మూత తీస్తే పది కంచాలు ముందుకొచ్చేవి.

ఒక దసరా తర్వాత మేము తెచ్చుకున్న నువ్వుల కారం పదిరోజులకే బూజు పట్టింది. కడిగిన చెంచాను తుడవకుండా డబ్బాలో పెట్టడమే మా తప్పు. దాన్ని పారబోస్తుంటే, ఆ నువ్వుల కోసం అమ్మలు చేసిన కూలి గుర్తొచ్చి ఆ పూట మాకు అన్నం దిగలేదు. సంక్రాంతి సెలవుల్లో అమ్మల పక్కన కూర్చుని మేమే నేర్చుకున్నాం. "మగపిల్లలకు వంటేమిటి?" అని నవ్వినవాళ్ళే తర్వాత చెంచాడు అడిగి వేయించుకున్నారు!

కావలసినవి: నువ్వులు 200 గ్రాములు, ఎండుమిరపకాయలు 12, ధనియాలు 2 చెంచాలు, జీలకర్ర 1 చెంచా, వెల్లుల్లి రెబ్బలు 8, కరివేపాకు గుప్పెడు, ఉప్పు తగినంత.

చేసే విధానం: ముందు నువ్వులను ఇసుక లేకుండా గాలించి, ఎండలో బాగా ఆరబెట్టాలి. నూనె వేయకుండా బాండీలో మిరపకాయలు, ధనియాలు, జీలకర్ర విడివిడిగా వేయించాలి. కరివేపాకు గలగలలాడేదాకా, వెల్లుల్లి తడి ఆరేదాకా వేయించాలి. చివరగా నువ్వులు. సన్నని సెగ మీద కలుపుతూనే ఉండాలి. చిటపటలాడి కాస్త రంగు మారగానే పళ్ళెంలో పోసేయాలి. దించినా బాండీ వేడికి అవి మాడుతూనే ఉంటాయి. మాడితే పొడి అంతా చేదే.

అన్నీ పూర్తిగా చల్లారాక, నువ్వులు తప్ప మిగతావి ఉప్పుతో కలిపి మెత్తగా దంచాలి. తర్వాత నువ్వులు వేసి బరకగా దంచాలి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి. నువ్వుల బరువులో సుమారు సగం నూనే. ఆపకుండా తిప్పితే అది బయటికొచ్చి ముద్దవుతుంది. మొదటిసారి మాకు అలాగే అయింది. అమ్మలు తిట్టలేదు, ఆ ముద్దనే వేడి అన్నంలో కలిపి పెట్టారు.

జాగ్రత్తలు: వేడి పొడికి మూత పెడితే ఆవిరి నీరై బూజు వస్తుంది. డబ్బా, చెంచా, చెయ్యి మూడూ పొడిగా ఉండాలి. నూనె గింజలు కాబట్టి ఎక్కువకాలం ఉంచితే ముక్క వాసన వస్తుంది. నెలకు సరిపడా మాత్రమే చేసుకోవాలి.

నువ్వుల్లో కాల్షియం, ఇనుము, మాంసకృత్తులు ఉన్నాయి. ఎదిగే వయసులో ఇవి చాలా అవసరం. అన్నంలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. అయితే పొడి ఉంది కదా అని పప్పు, కూర, గుడ్డు వదిలేయకూడదు. ఉప్పూ కారమూ ఉన్నదే కనుక పూటకు చెంచాడు చాలు.

చివరిగా ఒక్క మాట. పొడి చేసి పంపే అమ్మ అందరికీ ఉండదు. అలాంటి తమ్ముడు మీ వరుసలో కూర్చుంటే, అడగకముందే మూత తీయండి. మా అన్నలు మాకు అలాగే పెట్టారు.