కారులో చల్లగాలి పంకా: లోపమును గుర్తించు విధము

మన విద్యార్థుల తండ్రులలో అద్దెకారు నడిపి కుటుంబమును పోషించుకొనువారు గలరు. ఎండకాలమున చల్లగాలి రాని కారును ఎవరును ఎక్కరు. నాటి సంపాదన పోవును. అట్టి సమయమున పెక్కుమంది గ్యాసు అయిపోయినదని తలచి, దానిని నింపించి, డబ్బు వ్యయమైన పిమ్మటను మొదటి స్థితిలోనే యుందురు. లోపము గ్యాసులో గాక పంకాలో నుండుట కలదు. దీనిని కనిపెట్టుటకు పదవ తరగతి విద్యుత్తు పాఠము చాలును.

ఈ పనికి కారులో రెండు పంకాలు గలవు. ఒకటి డ్యాష్‌బోర్డు లోపలనుండి మనపైకి గాలి తోలు బ్లోయరు. రెండవది ఇంజనుకు ముందు భాగమున కండెన్సరును చల్లార్చునది. ఏది చెడినదో లక్షణమే చెప్పును. మన హోసూరునుండి బెంగుళూరు పోవునపుడు, రహదారిపై వేగముగా సాగినంతసేపు గాలి చల్లగా నుండి, సిల్కుబోర్డు కూడలిలో బండి నిలువగానే వేడెక్కినచో, సాధారణముగా ముందరి పంకాదే లోపము. వేగమున ఎదురుగాలియే దాని పని చేసిపెట్టును. నిలిచినపుడు దాని లోటు తెలిసివచ్చును. గాలి చల్లగానే యుండి మిక్కిలి కొద్దిగా వచ్చుచున్నచో మొదట క్యాబిన్ ఫిల్టరును తీసి చూడవలెను. దుమ్ముతో పూడిన ఫిల్టరును మార్చక మోటారును నిందించుట న్యాయము గాదు.

విచిత్రముగా తోచు లోపము వేరొకటి కలదు. మీటను 1, 2, 3 అంకెలపై నుంచినను బ్లోయరు కదలదు; 4పై నుంచినంతనే హోరున తిరుగును. ఇది చాలవరకు రెసిస్టరు అనబడు నిరోధకపు లోపమే. పూర్వము మన యిండ్లలో పైకప్పు పంకాకు గోడపై పెద్ద రెగ్యులేటరు పెట్టె యుండెడిది. ముట్టుకొన్న వెచ్చగా నుండెడిది. ఇదియు అట్టిదే. వేగము తగ్గించుటకై విద్యుత్తును నిరోధపు తీగచుట్లగుండా పంపుదురు. అందు కొంత శక్తి వేడిమిగా మారును. 4వ అంకెపై విద్యుత్తు ఆ చుట్ల జోలికి పోక నేరుగా మోటారును చేరును. అందుచేతనే నిరోధకము కాలినను ఆ యొక్క వేగము మిగులును. ఉష్ణోగ్రతను తానే సర్దుకొను కొత్త కార్లలో దీనికి బదులు ట్రాన్సిస్టరు పరికరము ఉండును గనుక ఈ లక్షణము వాటికి వర్తింపదు.

నిరోధకము అల్పమూల్యపు వస్తువు. అయితే దానిని మార్చి చేతులు దులుపుకొను మెకానిక్కు సగము పనియే చేసినవాడు. అది యేల కాలెను? దానిని బ్లోయరు గాలి పోవు దారిలోనే అమర్తురు. ఆ గాలియే దానిని చల్లార్చును. ఫిల్టరు పూడి గాలి తగ్గినచో అది అతిగా వేడెక్కును. మోటారు బేరింగు బిగిసి కష్టముగా తిరిగినచో విద్యుత్ప్రవాహము హెచ్చును. జౌలు నియమమున వేడిమి ప్రవాహపు వర్గమును బట్టి పెరుగును గదా! ప్రవాహము రెట్టింపైన వేడిమి నాలుగు రెట్లగును. పిల్లలు పరీక్షకై వల్లించు సూత్రమే ఇచ్చట ప్లాస్టిక్కు ప్లగ్గును కరిగించుచున్నది. కావున కొత్తది బిగించుటకు ముందు బ్లోయరు చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. కరిగిన ప్లగ్గును కూడ మార్పింపవలెను. ఈ పని చేయనిచో కొత్తదియు కొద్ది నెలలలో కాలవచ్చును.

ఏ వేగమునను తిరుగనిచో ముందు ఫ్యూజును, పిదప రిలేను చూడవలెను. అవి బాగున్నచో మీటను 4పై నుంచి మోటారు ప్లగ్గువద్ద మీటరు పెట్టవలెను. సుమారు 12 వోల్టులు వచ్చుచు, ఎర్తు తీగ సరిగా నున్నను తిరుగనిచో మోటారే చెడినది. మెల్లగా తట్టినపుడు తిరిగినచో కార్బను బ్రష్షులు అరిగి యుండవచ్చును. 30 ఆంపియర్ల ఫ్యూజు పోయినచో 30దే పెట్టవలెను. 40ది పెట్టుటయు, తీగ చుట్టుటయు బండికి నిప్పంటించుకొనుటయే.

తాళము తీసిన పిమ్మటను ముందరి పంకా తనంతట తాను తిరుగవచ్చును; బానెటు ఎత్తినపుడు పిల్లలను దగ్గరకు రానీయరాదు. డ్యాష్‌బోర్డు క్రింది పసుపుపచ్చ తీగలు ఎయిర్‌బ్యాగువి. గ్యాసు గొట్టములందు అధికపీడన ముండును. ఈ రెంటిని నిపుణునికే విడువవలెను.

కాలిన నిరోధకమును పారవేయక బిడ్డచేతికిచ్చి పాఠశాలకు పంపుడు. తెగిన తీగచుట్టను పదవ తరగతివారికి చూపుటకు మా ప్రయోగశాలలో అంతకంటె మంచి వస్తువు లేదు.