డీవీడీ డ్రైవ్ మొరాయిస్తే...

మన జిల్లాల్లో చాలా ఇళ్లలో పెళ్లి వీడియోలు, తాతగారి షష్టిపూర్తి వీడియోలు ఇంకా డీవీడీల్లోనే ఉన్నాయి. లినక్స్ ఉన్న పాత కంప్యూటర్‌లో పెడితే డ్రైవ్ ఉలకదు, పలకదు. వెంటనే పోయిందనుకోకండి. మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కో కారణాన్నీ తీసేస్తూ పోవడం సైన్స్ పాఠమే.

ముందు మరో డీవీడీ పెట్టండి. అది ఆడితే లోపం మొదటి డిస్క్‌దే. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు.

ఏదీ ఆడకపోతే టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌బీఎల్‌కే' అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయండి. జాబితాలో 'ఎస్ఆర్0' లేదంటే డ్రైవ్ ఉన్న సంగతే కంప్యూటర్‌కు తెలియడం లేదు. ప్లగ్ తీసేసి, డ్రైవ్ వెనుక ఉన్న పవర్, డేటా కేబుళ్లు ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టాలి. ఈ పని మాత్రం పెద్దవాళ్లదే.

ఎస్ఆర్0 కనిపించినా చదవడం లేదా? ఒక సీడీ పెట్టి చూడండి. సీడీకి 780, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ వాడతారు. సీడీ ఆడి, డీవీడీలు ఆడకపోతే ఆ రెండో లేజర్ నీరసించి ఉండొచ్చు. రెండూ ఆడకపోతే లెన్స్ మీద దుమ్మును అనుమానించండి.

కొన్న సినిమా డీవీడీ ఒక్కటే ఆడకపోతే డ్రైవ్‌ను తిట్టకండి. వాటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. దాన్ని తీసే సాఫ్ట్‌వేర్ ఉబుంటులో ముందుగా ఉండదు. స్టూడియో వాళ్లిచ్చిన పెళ్లి డీవీడీలకు మామూలుగా ఆ బెడద లేదు.

రాసిన డీవీడీల్లోని రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. అందుకే ఒక్కసారి తెరుచుకుంటే ఆ రోజే హార్డ్‌డిస్క్‌లోకి, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేయండి. మామూలు డీవీడీ మొత్తం 4.7 జీబీయే.