కణంలో కాపలాదారు



మా అవ్వ చుట్టని నిప్పు కొస నోట్లో పెట్టి కాల్చేది. దీన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఆడవాళ్ళలో ఇది పాత అలవాటు. నిరుడు అవ్వకి అంగిట్లో పుండు లేచింది, ఎంతకీ మానలేదు. ఊళ్ళో చిల్లంగి అన్నారు. పట్నం ఆసుపత్రిలో క్యాన్సర్ అన్నారు. ఇది ఎలా వస్తుందని జీవశాస్త్రం మేడమ్ గారిని అడిగాను. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

మన శరీరంలో ఒక కణం రెండుగా విడిపోతూ ఉంటుంది. హద్దు లేకుండా విడిపోకుండా ఆపే జన్యువులు ఉన్నాయి. వాటిని కణితి నిరోధక జన్యువులు అంటారు. అందులో ముఖ్యమైనది పి53. ఇది 17వ క్రోమోజోము మీద ఉంటుంది. పి53 ప్రోటీనును 1979లో కనుగొన్నారు. అది క్యాన్సర్‌ని ఆపేదని 1989లో తేలింది.

పోడు చేలో మంచె మీద కాపలా ఉంటాం కదా, పి53 అలాంటిదే. కానీ కాపలావాడు రోజంతా అరిస్తే చేలో పని సాగదు. అందుకని ఎండీఎం2 అనే ప్రోటీను మామూలప్పుడు పి53ని పట్టుకొని గుర్తు వేస్తుంది. గుర్తు పడిన పి53ని కణం ముక్కలు చేసేస్తుంది.

డీఎన్ఏ తెగితే ఏటీఎం అనే ఎంజైము పి53కి ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఇక ఎండీఎం2కి అది సరిగా చిక్కదు. పి53 పెరిగి, పి21 అనే జన్యువుని పనిచేయించి, విభజనని ఆపుతుంది. డీఎన్ఏ బాగైతే సరే. బాగవకపోతే ఆ కణం చచ్చిపోయేలా చేస్తుంది. వింత ఏమిటంటే, ఎండీఎం2ని ఎక్కువగా తయారుచేయించేది కూడా పి53యే. అందుకే పని అయ్యాక తిరిగి తగ్గిపోతుంది.

పొగాకు పొగలోని విషాలు ఈ పి53 జన్యువునే చెడగొట్టగలవు. అప్పుడు మంచె ఖాళీ. చేలో పందులు పడ్డట్టే. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగంలో పి53 చెడి ఉంటుంది. మనకి ఈ జన్యువు ఒక జతే. ఏనుగుకి సుమారు 20 జతలు ఉన్నాయని 2015లో చెప్పారు. అంత పెద్ద జంతువుకి క్యాన్సర్ తక్కువ రావడానికి ఇదొక కారణం అనుకుంటున్నారు.

అవ్వ సంక్రాంతికి ముందే పోయింది. చిల్లంగి పెట్టిందని మా వీధిలో ఒక పెద్దమ్మతో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. నేను కూడా మాట్లాడలేదు. ఈ సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళి మంచినీళ్ళు అడిగి తాగుతాను.

మీ ఇంట్లో ఎవరికైనా నోట్లో తెల్లమచ్చ గానీ, మూడు వారాలకీ మానని పుండు గానీ ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. చుట్ట మానమని చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని