తగిరిసాకు కోసే ముందు కసివిందను గుర్తుపట్టండి

వీడియోలో నా చేతిలో రెండు మొక్కలు చూశారు కదా, ఎడమ చేతిలోది తగిరిస, కుడి చేతిలోది కసివింద. రెంటికీ పసుపు పూలే, రెండూ నలిపితే వాసనే. తొలకరి పడ్డాక పాల్వంచ నుంచి భద్రాచలం పోయే దారిలో గట్ల మీద, పోడు చేల అంచుల్లో పక్కపక్కనే మొలుస్తాయి.

తగిరిసను కొన్నిచోట్ల తంటెం అంటారు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు చరోటా అంటారు. లేతాకు మంచి కూర. మొదటిసారి నేను కోసినప్పుడు రెండూ కలిపి సంచిలో వేసుకున్నా. ఒక కోయ అవ్వ సంచి కింద గుమ్మరించి, "ఇది కూరాకు కాదు బిడ్డా" అని కసివిందంతా ఏరి పారేసింది. ఆ రోజు ఆమె చూపించిన తేడాలే మీకు చెప్తున్నా.

తగిరిస: ఒక్కో కాడకు మూడు జతల చిన్న ఆకులు. కొస గుండ్రంగా, మొదలు సన్నగా ఉంటుంది. కాయ సన్నగా, పొడుగ్గా, కొడవలిలా వంగి ఉంటుంది.

కసివింద: నాలుగైదు జతలు, ఆకు కొస సూదిగా ఉంటుంది. కాడ మొదట్లో, కొమ్మకు దగ్గరగా చిన్న బుడిపె కనిపిస్తుంది. కాయ బల్లపరుపుగా, అంచుల్లో లేత రంగు గీతతో ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, కసివింద గింజలు పిల్లల కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తాయి. మనకు దూరం కాని ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో 2016లో 100 మందికి పైగా పిల్లలు చనిపోయారు. కొందరికి జపనీస్ మెదడువాపు అని తేలింది. మరికొందరి విషయంలో నిపుణుల బృందం వేలు చూపింది ఈ గింజల వైపే. ఆడుకుంటూ పచ్చి కాయలు ఒలుచుకు తినేది పిల్లలే. అందుకని ఇంటి చుట్టూ, బడి చుట్టూ ఉన్న కసివిందను కాయ పట్టకముందే పీకేయండి.

ఇక వండే పద్ధతి. పూత రాకముందు చిగుళ్లు మాత్రమే తుంచాలి. నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పిండి పారబోసి, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ఎండుమిర్చితో వేయించాలి. పెసరపప్పులోనూ బాగుంటుంది. ఎక్కువ తింటే విరేచనాలవుతాయి. గర్భిణులు తినకపోవడమే మంచిది. గడ్డిమందు కొట్టిన పత్తిచేల గట్ల మీది ఆకు అసలు ముట్టొద్దు.

కూరకు పోగా మిగిలిన తగిరిసను పూతకు ముందే కోసి మొక్కల మొదళ్లలో ఆచ్ఛాదనగా పరుస్తా. ఇది చిక్కుడు జాతిదే అయినా వేళ్ల మీద నత్రజని బుడిపెలు రావు. కాబట్టి జీలుగ, జనుము బదులు దీన్ని నమ్ముకోవద్దు.

గుర్తుపట్టడంలో ఏమాత్రం అనుమానం ఉన్నా కోయకండి. మీ ఊళ్లో ఆకుకూరలు ఏరే పెద్దవాళ్లకు చూపించి, వాళ్లు సరేనన్నాకే పొయ్యి మీద పెట్టండి.