వాతావరణ సంక్షోభము: మౌనము, మాట, కాయకము

ఆనందపురము విశాఖపట్టణమునకు ఉత్తరమున జాతీయ రహదారిపై నున్న కూడలి. మధురవాడ వైపునుండియు, తగరపువలస వైపునుండియు, పెందుర్తి వైపునుండియు వచ్చు దారులు ఇచ్చట కలియును. పరిసర గ్రామముల రైతులు పూలను, కూరగాయలను పండించి ఇచ్చటి మార్కెట్టుకు తెత్తురు. పూలతోట కాలమునకు మిక్కిలి లోబడిన పంట. మొగ్గ తొడుగు వేళ వడగాడ్పు వీచిన మొగ్గ మాడును. కోయు వేళ వాన పట్టిన రేకు కుళ్ళును. వరి రైతు తన నష్టమును కోతనాడు లెక్కించుకొనును. పూల రైతు ప్రతి ఉదయమును లెక్కించుకొనును. కావుననే “కాలము మునుపటివలె లేదు” అను మాట ఇట్టి పల్లెలలో క్రొత్తది కాదు. అయినను ఆ మాట సాధారణముగా అచ్చటనే ఆగిపోవును. “ఏమి చేయుదుము, అంతయు దైవాధీనము” అను రెండవ మాటతో సంభాషణ ముగియును. ఆ రెండు మాటల నడుమ జరుగవలసిన విచారణయే ఈ పాఠమునకు విషయము.

1. తెలియవలసిన సంగతి

బొగ్గు, చమురు, సహజవాయువు మండినపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. అది సూర్యుని వెలుగును లోనికి రానిచ్చును గాని, భూమి నుండి వెడలు వేడిమిలో కొంత భాగమును పోనీయక పట్టియుంచును. ఈ వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు స్వాంటే అరేనియస్ 1896లోనే లెక్కగట్టి చూపెను. 1958లో చార్లెస్ కీలింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపమునందలి మౌనా లోవా పర్వతముపై దీనిని ఎడతెగక కొలుచుట కారంభించెను. అప్పుడు గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళుండిన ఈ వాయువు నేడు 420 పాళ్ళను దాటినది. 1850–1900 నడిమి కాలముతో పోల్చిన 2011–2020 నాటికి భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు పెరిగినదని ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము నిర్ధారించినది. 2024వ సంవత్సరము అంతవరకు కొలిచిన సంవత్సరములన్నింటిలో మిక్కిలి వేడియైనదిగా నమోదైనది.

ఒక డిగ్రీ అనగా అల్పమని తోచవచ్చును. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో దాదాపు నూటికి ఏడు పాళ్ళు ఎక్కువ నీటియావిరిని మోయగలదు. అందుచే వాన పడినపుడు కుంభవృష్టియగును. పడనపుడు నేలలోని తేమ త్వరగా ఆవిరియగును. అతివృష్టి, అనావృష్టి అను రెండును ఒకే కారణమునుండి పుట్టుట ఇట్లు సంభవించును.

2. విశాఖ చూచిన రెండు ఆపదలు

1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్టణము వద్దనే తీరము దాటెను. గంటకు 180 కిలోమీటర్ల వేగముతో గాలులు వీచెను. విమానాశ్రయపు పైకప్పు చెదరెను. నగరమునందలి వృక్షసంపద కూలెను. విద్యుత్తు లేక ప్రజలు దినములు గడపిరి. అరకులోయలో కాఫీతోటలు దెబ్బతినెను. అంతటి గాలికిని మరణములు పదుల సంఖ్యను మించి పెద్దగా పోలేదు. ఈ భేదమునకు కారణమేమి? ఉపగ్రహములు, రాడార్లు తుపాను మార్గమును ముందుగా తెలిపినవి; హెచ్చరిక తీర గ్రామములకు చేరినది; జనులు దానిని నమ్మి ఇండ్లు విడిచి లేచిరి. ఇందు యంత్రము సగము, మాట సగము. సకాలములో చెప్పిన మాట ప్రాణరక్షకమగునని ఇది రుజువు చేసినది.

ఆ తరువాత ఏడు మాసములకు, 2015 మే నెలలో, వడగాడ్పులు వచ్చెను. దేశములో రెండువేల మందికి పైగా మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు. ఎండకు హోరు లేదు. అది కప్పులను ఎగురగొట్టదు. ఒక ఇంట వృద్ధుడు, ఒక చేలో కూలి మెల్లగా కన్నుమూయుదురు. ఇరుగుపొరుగువారు దానిని వృద్ధాప్యమనియో, అలసటయనియో తలంతురు. సముద్రతీరమున మరియొక చిక్కు కలదు. గాలిలో తేమ ఎక్కువగుటచే చెమట ఆరదు. చెమట ఆరనిచో శరీరము చల్లబడదు. కావున లోనాడులో ఓర్చుకొనదగిన ఎండయే తీరమున ప్రాణాంతకము కావచ్చును. గాలివానను గూర్చి మాటాడుట నేర్చిన తీరమునకు ఎండను గూర్చి మాటాడుట నాటికి అలవడలేదు. పిమ్మట 2016లో రాష్ట్రము వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికను సిద్ధపరచినది. పని వేళలను మార్చుట, చలివేంద్రములను నెలకొల్పుట, ఆసుపత్రులను సంసిద్ధముగా నుంచుట అట్టి ప్రణాళికలలోని ముఖ్యాంశములు.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఏ ఒక్క తుపానును చూపి “ఇది కేవలము భూతాపము వలననే పుట్టినది” అనుట సత్యము కాదు. తుపానులు పూర్వమును కలవు. వేడెక్కిన సముద్రము తుపానుకు అధిక శక్తిని, అధిక వర్షమును సమకూర్చుననుట సత్యము. అట్లే విశాఖ రామకృష్ణ బీచిలో ఇసుక కోతకు గురియగుటకు సముద్రమట్టము పెరుగుట ఒక్కటియే కారణము కాదు. ఓడరేవు కట్టడములు తీరము వెంబడి సాగు ఇసుక నడకను అడ్డగించుటయు కారణమే. అందుచేతనే ఓడరేవువారు త్రవ్వి తీసిన ఇసుకను తీరమున పోయుచుందురు. ఉన్నదానికంటె ఎక్కువ చెప్పినవాని మాటను ఉన్నంతవరకైనను లోకము నమ్మదు.

3. జనులు స్పందించు తెరగులు

ఈ విషయమును విన్నవారందరును ఒకే రీతిగా స్పందింపరు. స్థూలముగా ఐదు తెరగులు కానవచ్చును.

మొదటిది ఉదాసీనత. “ఇది చదువరుల గొడవ” అని ప్రక్కకు తొలగుట. దీనికి మూలము పదజాలము. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు భారతీయుల అభిప్రాయములను సేకరించి 2022లో ప్రకటించిన నివేదికలో, భూతాపమనగా నేమో క్లుప్తముగా వివరించిన పిదప నూటికి 84 మంది అది జరుగుచున్నదనిరి. అనుభవము జనులకు కలదు. వారెరుగనిది దాని పేరును, కారణమును మాత్రమే.

రెండవది నిరాకరణ. “ఎండలు ఎప్పుడును ఉన్నవే” అని కొట్టివేయుట. ఇది పెక్కుమారులు మూర్ఖత కాదు; తన జీవనోపాధికి ముప్పు వచ్చునేమోయను శంక అట్టి మాటగా వెలువడును.

మూడవది భయము. 2021లో భారతదేశముతో సహా పది దేశములలో 16 నుండి 25 ఏండ్ల వయసుగల పదివేలమంది యువజనులను ప్రశ్నింపగా, నూటికి 59 మంది ఈ విషయమై మిక్కిలి ఆందోళన చెందుచున్నామనిరి. పెద్దలు దానిని చిన్నతనముగా నెంచినచో ఆ భయము నిరాశగా ముదురును.

నాలుగవది నింద. పల్లె పట్టణమును, పట్టణము కర్మాగారమును, పేద దేశము సంపన్న దేశమును నిందించును. ఈ నిందలో సత్యము లేకపోలేదు. సగటు భారతీయుని వలన ఏటా రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడగా, సగటు అమెరికను వలన సుమారు పదునాలుగు టన్నులు వెలువడుచున్నది. న్యాయమును అడుగుట ధర్మమే. కాని అడుగుటతోనే పని ముగిసినదని తలచుట పొరబాటు.

ఐదవది మౌనము. పై నాలుగును తుదకు చేరునది దీనియందే. 2024లో ప్రకటితమైన యొక అధ్యయనమున 125 దేశములలో సుమారు లక్షా ముప్పదివేల మందిని ప్రశ్నించిరి. ఇందుకై తమ ఆదాయములో నూటికొక వంతు ఇచ్చుటకు నూటికి 69 మంది సమ్మతించిరి. అయితే “ఇతరులలో ఎందరు ఇత్తురు?” అని అడుగగా, నూటికి 43 మంది మాత్రమే ఇత్తురని వారు ఊహించిరి. తనకు పట్టినంతగా పొరుగువానికి పట్టలేదని ప్రతివాడును తలచుచున్నాడు. అట్లు తలచి అందరును మౌనము వహించుచున్నారు. ఈ మౌనమును ఛేదించుటకు ధనము అక్కరలేదు. ఒకరు ముందుగా నోరు విప్పిన చాలును.

4. ఉక్కునగరమునందలి కష్టము

విశాఖలో ఈ మాటను ఎత్తుట మరికొంత కష్టము. 1966 నాటి “విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు” ఉద్యమములో ముప్పదిరెండుగురు ప్రాణములర్పించిరి. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారము వేలాది కుటుంబములకు అన్నము పెట్టినది. కాని బొగ్గుతో ఊదుకొలిమిలో ఇనుప ఖనిజమును కరగించి ఒక టన్ను ఉక్కు చేయునపుడు రెండు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడును. పరవాడ వద్ద 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రము బొగ్గుతోనే నడచుచున్నది. ఆనందపురములో పూలతోటకు నీరు తోడు మోటారు తిరుగుట విద్యుత్తు వలననే. తండ్రి కొలిమి వద్ద పనిచేయుచుండగా కుమారుడు పొగగొట్టమును పాపమని దూషించినచో ఆ యింట మాట నిలువదు, మనస్సు విరుగును.

కావున దూషింపవలసినది పనివానిని కాదు. మార్పవలసినది పని చేయు విధానమును. మార్పు యొక్క ఆనవాళ్ళు ఈ ప్రాంతముననే కలవు. 2021లో సింహాద్రి జలాశయముపై 25 మెగావాట్ల తేలియాడు సౌరవిద్యుత్ ఫలకములను నెలకొల్పిరి. 2025 జనవరిలో అచ్యుతాపురము దాపునగల పూడిమడక వద్ద హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. బొగ్గునకు బదులు ఉదజనితో ఖనిజమును ఉక్కుగా మార్చు పద్ధతిని ప్రపంచమున పలుచోట్ల పరీక్షించుచున్నారు. రెండువేల మెగావాట్ల ముందు ఇరువదియైదు మెగావాట్లు స్వల్పమే. దానిని పెద్దదిగా చెప్పరాదు, లేనట్లును చెప్పరాదు. మార్పు జరుగునపుడు కార్మికుని జీతము, అతని పిల్లల చదువు నిలుచునా అను ప్రశ్నను ముందుగా అడిగినవాని మాటనే ఆ కార్మికుడు వినును.

5. సంభాషణ ధర్మములు

పన్నెండవ శతాబ్దమున కళ్యాణమునందలి అనుభవ మంటపములో పడవ నడపువాడు, బట్టలుతుకువాడు, చెప్పులు కుట్టువాడు, కట్టెలమ్మువాడు ఒకే చోట కూర్చుండి విచారణ చేసిరి. స్త్రీలును అందు పాల్గొనిరి. ఎవరి మాట వారి కాయకము నుండియే వెలువడెను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును తెలుగున రచింపబూని, పామరులకును అందు ద్విపదను గ్రహించెను. ఈ రెండింటినుండి నేటి సంభాషణకు నాలుగు ధర్మములు లభించును.

ఒకటి: ఎదుటివాని పనినుండి మాటను ఆరంభింపవలెను. పూల రైతుతో మొగ్గను గూర్చి, మత్స్యకారునితో వేట దినములను గూర్చి, గృహిణితో నూతి మట్టమును గూర్చి మాటాడవలెను. ధ్రువ ప్రాంతపు మంచు తరువాత రావచ్చును.

రెండు: చెప్పుటకంటె ముందు అడుగవలెను. “మీ తండ్రిగారి కాలమున ఈ గెడ్డలో నీరు ఏ మాసము వరకు పారెడిది?” అను ప్రశ్న పది అంకెలకంటె లోతుగా నాటును.

మూడు: భయపెట్టిన చోటనే చేయదగిన పనినొకటి చూపవలెను. పని చూపని భయము మనిషిని కూలద్రోయును.

నాలుగు: తెలిసినంతవరకే చెప్పవలెను. శాస్త్రము సందేహించిన చోట సందేహముగనే చెప్పవలెను.

6. మాటనుండి కాయకమునకు

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ శరణ కుటుంబములందు సుపరిచితము. రాలిన బియ్యపు గింజలనేరి దాసోహము చేయు మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. లక్కమ్మ మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. బియ్యము దొంగిలినది కాదు, దుర్వినియోగమైనదియు కాదు. అయినను నేటి అవసరమునకు మించినది ఆమె దృష్టిలో ఆశయే. ఈ భూమినుండి ఎంత తీసికొనవలెనను ప్రశ్నకు ఇంతకంటె సరళమైన కొలత లేదు. అయితే ఆ కొలత మొదట వర్తించునది పుష్కలముగా నున్నవానికి. రెండు పూటలు నిండని ఇంట త్యాగమును బోధించుట దాసోహము కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యమున సాగుచున్న ప్రకృతి వ్యవసాయము మరియొక నిదర్శనము. నేలను ఏడాది పొడవున పైరుతోగాని, ఆకుచెత్తతోగాని కప్పియుంచుట, జీవామృతమును వాడుట, పలు పంటలను కలిపి వేయుట దీని పద్ధతులు. కప్పియున్న నేల ఎండకు తేమను త్వరగా కోల్పోదు, వానకు కొట్టుకొనిపోదు. ఇది పల్లెలలో వ్యాపించినది ప్రధానముగా మహిళా సంఘముల సమావేశములలో, ఒక రైతు మరియొక రైతునకు తన చేనిని చూపుట వలన. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారమును పొందినవారిలో ఈ కార్యక్రమము ఒకటి. మాటయే ఇచ్చట విత్తనమైనది.

మఠములకును, గృహములకును సాధ్యమైన పనులు పెక్కులు కలవు. వేసవిలో కూలీల దారిలో నీరు, మజ్జిగ, నీడ ఏర్పరచుట. మధ్యాహ్నపు పనిని ఉదయమునకు మార్చుమని యజమానులకు చెప్పుట. ఒంటరిగా నున్న వృద్ధులను ఎండ దినములలో పలకరించుట. చెరువు గట్టును, గెడ్డ దారిని ఆక్రమణకు గురికాకుండ కాపాడుట. మఠపు కప్పుపై సౌరఫలకములనుంచుట. ప్రజాప్రతినిధులు వచ్చినపుడు వడగాడ్పుల ప్రణాళికను గూర్చి, మురుగు కాలువలను గూర్చి అడుగుట. వీనిలో కడపటిది చిన్నది కాదు. ఒక ఇంటి పొదుపు కర్మాగారపు కొలిమిని మార్చలేదు. పెక్కు ఇండ్ల నిలుకడయైన అడుగుడు ప్రభుత్వ విధానమును మార్పగలదు.

“అంతయు దైవాధీనము” అను మాటను ఇచ్చట మరల పరిశీలింపవలెను. గాలియు వానయు మానవుని వశములో లేవు. పొరుగువానికి ముందుగా చెప్పుట వశములోనిదే. 2014లో చెప్పిన చోట ప్రాణములు నిలిచినవి; 2015లో చెప్పుట ఆలస్యమైన చోట పోయినవి.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. గాలివానకంటె ఎండను గూర్చి మాటాడుట ఏల కష్టము? తీరప్రాంతమున ఎండ ఏల అధిక ప్రమాదకరము?
2. ఐదు స్పందనలలో తమ ఇంట కానవచ్చునది ఏది? దానికి మూలమేమి?
3. కర్మాగారములో పనిచేయు బంధువుతో ఈ విషయమును ఏ ప్రశ్నతో ఆరంభింపవచ్చును?
4. వచ్చు వేసవికి ముందు తమ వీధిలో మొట్టమొదట ఎవరిని హెచ్చరింపవలెను?