టెలిహ్యాండ్లరుతో బరువుల నెత్తునప్పుడు

ఇటుకలు, ఇనుప దూలములు, నీటితొట్లు పైకి చేర్చుటకు టెలిహ్యాండ్లరు అను యంత్రమును నేడు మన దేశమునను వాడుచున్నారు. దుర్భిణి గొట్టములవలె ఒకదానిలో నొకటి ఇమిడిన ఉక్కుచేయి దీని విశేషము. ఆ చేయి పైకి లేచుటయే గాక ముందుకు సాగును. ఇంగ్లండులోని జె.సి.బి. సంస్థ 1977లో 'లోడాల్' అను పేర ఇట్టి యంత్రమును విడుదల చేసెను. అచ్చటి రైతులు గడ్డిమోపులు పేర్చుటకు దీనిని విరివిగా వాడుదురు.

పంచాయతీ పనికి దీనిని అద్దెకు తెచ్చినచో సభ్యులు మొదట అడుగునది "ఎన్ని టన్ను లెత్తును?" అని. "3 టన్నులు" అని జవాబు వచ్చె ననుకొందము. అది అబద్ధము కాదు గాని సగము నిజమే. చేయి ముడుచుకొని యున్నప్పటి లెక్క యది.

ఎద్దుబండిని తలచుకొన్నచో విషయము తేటపడును. వెనుక బస్తా లెక్కువైన కాడి పైకి లేచును గదా! బండికి ఇరుసు ఎట్టిదో, ఈ యంత్రమునకు ముందుచక్రము లట్టివి. వానికి 2 మీటర్ల ముందున్న 1,000 కిలోలు యంత్రమును ఎంతగా బోర్లద్రోయునో, 5 మీటర్ల ముందున్న 400 కిలోలును అంతగానే త్రోయును. సాగిన చేతి బరువుకూడ ముందుకు పోవును గనుక, నిజముగా ఎత్తదగినది ఇంకను తక్కువ. ఎంత ఎత్తున, ఎంత దూరమున, ఎంత బరువు తగునో తెలుపు పటము డ్రైవరు కూర్చుండుచోట నుండవలెను. అది లేని యంత్రమును వెనుకకు పంపుటయే మేలని మా అభిప్రాయము.

దించునప్పు డింకొక చిక్కు గలదు. పైకెత్తి చాచిన చేతిని అట్లే వంచినచో బరువు చక్రములకు మరింత దూరమగును. ఎత్తునప్పుడు నిలిచిన యంత్రము దించునప్పుడు బోర్లపడుట అందువలననే. ముందు చేతిని లోపలికి తీసి, పిమ్మట దింపవలెను. బరువుతో నడుచునప్పుడును చేయి ముడిచి, బరువును నేలకు దగ్గరగా నుంచవలెను.

నేల సంగతి పంచాయతీ చేతిలోనిదే. యంత్రము 5 డిగ్రీలు ప్రక్కకు ఒరిగినచో, 10 మీటర్ల ఎత్తునున్న బరువు ఇంచుమించు 87 సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. క్రొత్తగా పూడ్చిన పైపుకాలువ, మురుగుగుంట అంచు పనికిరావు. పైన కరెంటు తీగలున్నచో విద్యుచ్ఛాఖవారికి ముందే తెలుపవలెను.

వింత చూచుటకు జనము గుమిగూడుదురు. "ఇంకొక్క అడుగు చాపుము" అని కేకవేయు పెద్దలును ఉందురు. వారిలో మన సభ్యులును ఉండకపోరు! డ్రైవరు వినవలసినది సంజ్ఞ లిచ్చుటకు నియమించిన ఒక్కని మాటయే. ఎత్తిన బరువు క్రింద ఎవ్వరును నిలువరాదు. వీధిదీపము బిగించుటకైనను ఫోర్కులపై మనిషిని నిలిపి పైకి పంపరాదు. పని ఆపినప్పుడు ఫోర్కులను నేల కానించి, బ్రేకు వేసి, తాళపుచెవి తీయింపవలెను. పిల్లలు ఎక్కి ఆడుకొనునది సాధారణముగా అప్పుడే.