కొత్త పంతులమ్మకి మావయ్య ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

నీకు ఎస్జీటీ పోస్టింగ్ వచ్చిందని మీ అత్తయ్య వీధంతా చాటింది. మొన్న ఫోన్లో అడిగావు కదా, ఒకటో తరగతికి అఆలతో మొదలెట్టాలా, మాటలతో మొదలెట్టాలా అని. ఫోన్లో తేలేది కాదని రాస్తున్నాను. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. నీ పిల్లల్లో ఎవరు చదువుతున్నారు, ఎవరు అప్పజెబుతున్నారు?

రెండో తరగతి పిల్లనొకదాన్ని పాఠం చదవమను. గడగడా చదివేస్తుంది. మురిసిపోకుండా దాని వేలు చూడు. నోరు మూడో వరుసలో ఉంటే వేలు ఇంకా రెండో వరుస మీదే ఉంటుంది. పేజీ మధ్యలో ఒక మాట చూపించి "ఇదేంటమ్మా?" అను. బిక్కమొహం వేసి, మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకుంటుంది. పాఠమంతా చెవులతో పట్టేసింది, కళ్లకి పని పడలేదు. గుణింతమూ అంతే. విడిగా 'కె' రాసి చూపిస్తే, పెదాలు కదుపుతూ క, కా, కి, కీ అని లోపల్లోపల నడుచుకుంటూ వచ్చి, అక్కడికి చేరాక పైకి చెబుతుంది. దాన్ని కసరకు. మనం పాటలా నేర్పాం, అది పాటలానే పట్టింది.

ఆ చెవినే ముందు వాడుకో. మొదటి వారాల్లో పలకా బలపం జోలికి పోకపోయినా కొంప మునగదు. చి-ల-క అని చప్పట్లు కొట్టించు, వాళ్ల పేర్లకి కొట్టించు. తర్వాత, మాట చివరి అక్షరంతో ఇంకో మాట అందుకునే ఆట పెట్టు: పలక, కలప, పడక, కడప. మాట ముక్కలుగా విడిపోతుందని చెవికి తెలియని పిల్లకి అక్షరం వట్టి బొమ్మే.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తాను. అ నుంచి అః దాకా వరసగా నేర్పితే నెల గడుస్తుంది, పిల్ల ఒక్క మాటా చదవలేదు. పైగా నిత్యం ఎక్కడా కనబడని ఋ, ౠలతో కుస్తీ ఒకటి. అదే ప, ల, క, త, డ అనే అయిదక్షరాలు చేతికిస్తే, ఇందాకటి ఆటలో మాటలన్నీ చదివేస్తుంది. తల, కల, తడక కూడా వస్తాయి. చదివినదానికి అర్థం తగలగానే పిల్ల మొహం ఎలా మారుతుందో నువ్వే చూస్తావు. వర్ణమాల వరస తర్వాత నేర్పుకోవచ్చు, నిఘంటువు చూసే వయసొచ్చేసరికి అక్కరకొస్తుంది. ఒకదాన్నొకటి పోలినవాటిని మాత్రం ఒకే వారంలో పెట్టకు. ప నేర్పిన వారం వ, ష వద్దు. మ, య మధ్య ఎడం ఉండాలి. ద, ధ, థ అయితే నెలల ఎడమే మంచిది.

గుణింతాన్ని అక్షరం వారీగా కాక గుర్తు వారీగా నేర్పు. ఒక వారమంతా గుడి ఒక్కటే. తలకట్టు పోయి గుడి వచ్చింది చూడండి అని కి, తి, డి అన్నిటికీ చూపించు. గుర్తు అదే, మోత అదే అని పట్టుకున్నాక, నువ్వు నేర్పని 'గి'ని కూడా వాళ్లే చదువుతారు. అప్పటిదాకా గుణింతాలన్నీ చూచిరాత రాయించి చేతులు నొప్పి పెట్టించకు.

అసలు చిక్కు ఒత్తుల దగ్గర. అమ్మ, నాన్న, అక్క, అత్త, అన్నం, పిల్లి. పిల్లలకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాటలన్నిట్లో ఒత్తులే. పైగా మ, న, త, ల ఒత్తులకి వాటి అక్షరాలతో పోలికే ఉండదు. అందుకని ఈ మాటల్ని ఒత్తులొచ్చేదాకా దాచిపెట్టకు. పెద్ద అట్టల మీద రాసి గోడకి తగిలించు, చూపుతోనే గుర్తుపట్టనీ. రెండో ఏట ఒత్తుల పాఠానికి వచ్చేసరికి, ఆ అట్టల్నే దించి 'అమ్మలో మ ఒత్తు ఏదో చూపించు' అని మొదలెట్టొచ్చు.

ఇదంతా నిదానంగా జరిగే పని. సొనాలి నాగ్ కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అక్షరాలన్నీ పూర్తిగా పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా పడుతోందని అందులో తేలింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు, అక్కడి కష్టమే ఇక్కడా. 2021 జూలైలో కేంద్రం మొదలెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా, అర్థం చేసుకుంటూ చదవడానికి మూడో తరగతి ముగింపునే గడువు పెట్టింది. ఒకటో తరగతి దీపావళిని కాదు. ఎవరైనా తొందరపెడితే ఈ మాట చెప్పు, మర్యాదగానే.

మీ బడికి పక్క తండా నుంచి కూడా పిల్లలొస్తారన్నావు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకి తెలుగు మాట కూడబలుక్కోవడం వచ్చినా అర్థం అందదు, మొద్దని ముద్ర పడుతుంది. బొమ్మ చూపించి, మీ ఇంట్లో దీన్నేమంటారని అడుగు. వాళ్లు చెప్పిన మాటని తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాసి వాళ్లచేతే చదివించు. అది చదివిన పిల్ల తెలుగు మాటా చదువుతుంది.

రోజూ ఒక కథ నువ్వు చదివి వినిపించు. చెప్పడం కాదు, పుస్తకం వాళ్లకి కనబడేలా పట్టుకుని, వరుస కింద వేలు జరుపుతూ చదవడం. పేజీ తిప్పేముందు ఆగి, ఇప్పుడేమవుతుందో అడుగు. సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' వాళ్లవీ, నేషనల్ బుక్ ట్రస్ట్‌వీ పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. బడిలో ఉన్న పుస్తకాల్ని మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యకు. చిరుగుతాయి, చిరగనీ. కొత్తగా ఉన్న లైబ్రరీ అంటే ఎవరూ చదవని లైబ్రరీ.

పిల్ల ఒక మాట దగ్గర ఆగితే వెంటనే అందించకు. పక్కవాళ్లనీ అందించనివ్వకు. కాస్త ఆగి, మొదటి అక్షరం వేలితో చూపించు చాలు.

ఈ వారం వేరే ఏ పనీ పెట్టుకోకు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని, పేజీ మధ్యలో మాటలు చూపించి చదివించు. ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగారో ఒక నోటుబుక్కులో రాసి, ఆ పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో నాకు పంపు. తర్వాత ఏం చెయ్యాలో అవి చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మావయ్య